నూకాలు పాదం కొలత

నాలుగింటికి గానీ షట్టరు లేవదని పక్క కిళ్ళీ బడ్డీవాడు చెప్పాడు. చెప్పి, సోడా సీసాల పక్కన తువ్వాలు పరుచుకుని నడుం వాల్చాడు, ఇంక వాణ్ణి లేపి మళ్ళీ అడిగితే మాత్రం షట్టరు లేస్తుందా పెడుతుందా, అందుకని విజయరత్నం టీచరు ఆ స్పోర్ట్స్ షాపు మెట్టు మీదే చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. చేతి గడియారంలో మూడూ అయిదు. ఇంకా యాభై అయిదు నిమిషాలు. ఇరవై ఏళ్ళుగా పిల్లల పరుగుల్ని సెకన్లలో కొలిచిన డ్రిల్లు టీచరు, నిమిషాల్లో కూర్చోవడం చేతకాదు ఆవిడకి. నవంబరైనా ఎండ తగ్గలేదు, మద్దిలపాలెం జంక్షన్ మగతగా ఉంది. డిపోలోంచి సిటీ బస్సు ఒకటి మూలుగుతూ బయటికొచ్చింది, కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి జగదాంబ జగదాంబ అని అరుస్తున్నాడు, ఎక్కేవాళ్ళు మాత్రం లేరు. కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటుకి ఇనుప చువ్వలు మోసుకుపోయే లారీ వెళ్తే మెట్టు కింద నేల అదిరింది. ఆ అదురు అరికాళ్ళలోంచి పిక్కల్లోకి పాకుతుంటే, గీత దగ్గర వంగి విజిలు కోసం చెవులు రిక్కించినప్పుడు ఇలాగే ఉండేది, అనుకుంది, అనుకుని ఆ తలపుని అక్కడికక్కడే ఆపేసింది. ఇప్పుడు అది కాదు పని. ఇప్పుడు పనల్లా నూకాలు బూట్లు.

నూకాలు హార్బరు దగ్గరి ఆడపిల్లల హైస్కూల్లో పదో తరగతి. తల్లి తవిటమ్మ వేలంలో చేపలు పాడుకుని గంపకెత్తుకుని ఊళ్ళో అమ్ముతుంది, తండ్రి ఎల్లాజీ మరబోట్ల వలలు బాగుచేస్తాడు, ఆ ఇద్దరికీ పుట్టిన పిల్లకి ఆ పరుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికే ఎరుక. జిల్లా పోటీల్లో వంద మీటర్లూ రెండొందల మీటర్లూ రెండూ కొట్టేసింది, ఒట్టి కాళ్ళతో. రెండొందల మీటర్ల మలుపులో, బొగ్గు చిట్టెం పోసిన ట్రాకు మీద అరికాలు చీరుకుపోతే, గీత దాటి, అప్పుడు కూర్చుని, కాలు తిప్పి చూసుకుని, "ఏటి కాదు టీచరమ్మా, గుల్ల గుచ్చుకున్నట్టుంది, అంతే" అంది. అంతేట. ఎల్లుండి బెజవాడలో రాష్ట్రం పోటీలు. అక్కడ మొదటి ఇద్దరిలో నిలబడితే హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువూ తిండీ వాళ్ళే చూసుకుంటారు. నిలబడకపోతే ఏమిటన్నది తవిటమ్మ దాపరికం లేకుండా చెప్పేసింది, ఓడిపోతే మరి ఇస్కూలూ లేదు గిస్కూలూ లేదు, గంపెత్తుకోవాల్సిందే, అని. బెజవాడ ట్రాకు కూడా చిట్టెందే. అంచేత అడుగున మేకులున్న బూట్లు కావాలి, ఇవాళే కావాలి, సాయంత్రం ఆరున్నరకి వాల్తేరు స్టేషన్లో బండెక్కే లోపల. ఆ బూట్లు అమ్మే షాపు ఆవిడకి తెలిసినంతలో ఊరు మొత్తానికి ఇదొక్కటే. యజమాని గవర్రాజు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు, మాటలో తీపి ఎక్కువ, కొట్లో సరుకు తక్కువ. సోమవారం వచ్చి అడిగితే, ఆడపిల్లలకి సరిపడేవి రెండే జతలున్నాయండి, అయిదో నంబరొకటి, ఏడో నంబరొకటి, ఆరు మొన్ననే పోయిందండి, పాదం కొలత పట్టుకొచ్చెయ్యండి, అన్నాడు.

పట్టుకొచ్చింది. చేతిసంచిలో, పరుగుల టైములు రాసుకునే పుస్తకం మధ్యలో ఉంది కొలత, రెండు ముళ్ళు వేసిన మూరెడు నీలం నైలాన్ తాడు, వలలు అల్లే తాడు. పిల్లనే షాపుకి తీసుకొచ్చేద్దామనుకుంది గానీ తవిటమ్మ వదల్లేదు, బోట్లు తిరిగొచ్చే రోజు, పిల్ల లేకపోతే రొయ్యలెవరు ఏరుతారు, బండివేళకి స్టేషనుకి నాను తీసుకొస్తాను కదా, అంది. నూకాలుకి అసలు బూట్లే ఇష్టం లేదు, బూట్లేస్తే నేల తెలీదు అంటుంది. ఇద్దరితో వేగలేక సరే కొలతన్నా ఇమ్మంటే ఇదిగో ఇవాళ పొద్దున్న, ఇంకా వెలుగు రాకముందే, మల్కాపురం నుంచి మొదటి బస్సు పట్టుకుని హార్బరుకి వెళ్ళింది టీచరు. చీర జారకుండా ఎగదోపుకుని, చేపల నీళ్ళలో చెప్పులు జారుతుంటే ఒక్కో అడుగే వేసుకుంటూ. ఒక పక్క వేలం పాట, ఇంకో పక్క ఐసు దిమ్మల్ని మింగి పొడి చేసే మర, ఆ రొదలో తవిటమ్మ కొంగు ముడి విప్పి తాడు చేతిలో పెట్టింది. "ఇదుగోండి టీచరమ్మా, పిల్ల పాదం. రేత్రి నిద్రోతన్నప్పుడు తీసీనాను, మెలకువుంటే కాలు లాగీసుకుంటాది. ఒక ఏలు ఇడిసీనాను, ఆ సైజుకి" అంది. అన్నట్టే వినిపించింది. సరిగ్గా ఆ ఆఖరు మాట దగ్గరే ఐసు మర ఇంకో దిమ్మని కరకరలాడించింది. సరే సరే అని తలూపి వచ్చేసింది, ఏ సైజుకి అని అడగలేదు, అడిగినా వినపడేది కాదు.

ఎవరూ చూడ్డం లేదు కదా. కిళ్ళీ వాడు గుర్రు పెడుతున్నాడు. విజయరత్నం కుడి చెప్పు విప్పింది, మెట్టు మీద పాదం ఆనించింది, రాయి చురుక్కుమంది, తాడు తీసి ఒక ముడి మడమ కింద తొక్కిపట్టి రెండో ముడి వేళ్ళ వైపు లాగింది. బొటనవేలు దాటిపోయింది ముడి. మళ్ళీ లాగి చూసింది. మళ్ళీ దాటింది, ఒక వేలు మందాన. ఇదెలా కుదురుతుంది. నూకాలు పాదమూ తన పాదమూ ఒకటే కదా, అయిదో నంబరు. పోయిన నెల మిట్టమధ్యాహ్నం గ్రౌండులో సున్నం గీతలు గీయిస్తుంటే, నేల పెనంలా కాలుతోందని, తన చెప్పులు విప్పి ఆ పిల్లకిచ్చి డబ్బా తెమ్మంది. పరిగెత్తుకెళ్ళి తెచ్చింది, చెప్పులు విప్పి పక్కపక్కన పెట్టి వేళ్ళ అచ్చులు చూపించి, "టీచరమ్మా, మన పాదాలు ఒకటే, సూడండి" అని నవ్వింది. పాత అచ్చుల్లోనే కొత్త అచ్చులు, వెంట్రుకవాసి తేడా లేదు. పిల్లకేం, నవ్వేసి పోయింది. ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్ళాక గుమ్మంలో చెప్పులు విప్పుతూ విజయరత్నం ఎంతసేపు నిలబడిపోయిందో ఆ గుమ్మానికే తెలుసు. నాదీ నీదీ ఒకటే అని ఆవిడతో అన్న మనిషి ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు.

ఒకటే అయిన పాదానికి రెండు కొలతలు రావు. తవిటమ్మ తప్పు తీసి ఉండాలి, లేకపోతే కావాలనే వదిలి ఉండాలి. ఒక ఏలు ఇడిసీనాను. ఆహా, అదన్నమాట, ఎదిగే పిల్ల కదాని. ఎదిగే పిల్ల అనే మాట వింటే చాలు విజయరత్నానికి ఒళ్ళు మండుతుంది. ఈ ఊళ్ళో ఏ తల్లి చూసినా అంతే, గౌను కుట్టిస్తే అంచు మూడు మడతలు, బడి చొక్కా కుట్టిస్తే భుజాలు మోచేతుల దాకా, పిల్ల అందులో నిండేసరికి గుడ్డ చిరుగులు పడుతుంది, ఒక్క రోజంటే ఒక్క రోజు కూడా ఒంటికి సరిపోయిన బట్ట కట్టదు. గౌనైతే పరవాలేదు. గౌను ఊడిపోదు. బూటు ఊడిపోతుంది. అరవై గజాల దగ్గర ఊడిపోతుంది, ఎడమకాలిది, జనం అంతా చూస్తుండగా. వద్దనుకుంటూనే ఉంది మూడింటి నుంచి, ఆ గ్రౌండులోకి పోకూడదనే అనుకుంటోంది, అయినా మనసు అక్కడికే పోయి కూర్చుంది.

యాభై రెండో సంవత్సరం. పదిహేనేళ్ళు తనకి, గౌను మోకాళ్ళు దాటకపోతే పాస్టరమ్మగారు కళ్ళెర్రజేసే కాలం. స్కూళ్ళ పోటీల్లో నూరు గజాల పరుగుకి తన పేరిచ్చారు, కాళ్ళకి బూట్లుంటే మంచిదన్నారు. నాన్న జ్ఞానదాసు పోర్టు వర్క్‌షాపులో వడ్రంగి, చర్చిలో పెద్ద, చర్చివాళ్ళలో ఎవరు పోయినా శవపెట్టె ఆయన చేతిదే, దానికి కూలి పుచ్చుకునేవాడు కాదు. కొలతకి టేపు లేదు ఆయనకి, ఎప్పుడూ తాడుముక్కే. తనని అరుగు మీద నిలబెట్టి, పాదం కింద తాడు దూర్చి, మడమ దగ్గర ఒక ముడి వేసి, బొటనవేలు దాకా వచ్చి ఆగాడు. ఆగి, తన వేలు అడ్డంగా పెట్టి, దాని అవతల వేశాడు రెండో ముడి. పొడుగైపోతాది నాన్నా, అంటే, "ఉండనీయ్, పొడుగ్గా ఉండనీయ్" అన్నాడు, తలెత్తకుండా. వన్ టౌన్ దాకా నడిచి వెళ్ళి తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చాడు, ఆ రాత్రి దీపం దగ్గర కూర్చోబెట్టి తొడిగించి చూశాడు. "సరిపోయిందా అమ్మీ" అని అడిగాడు. ముందు వేలు పట్టేంత చోటుంది. వదులుగా ఉందంటే ఆయన మళ్ళీ అంత దూరం నడవాలి, సరిపోయిందంటే అబద్ధం, ఏమీ అనకుండా లోపలికెళ్ళి చింకిగుడ్డ కుక్కుకుంది.

గుడ్డ నలిగి ఒక మూలకి పోయింది అరవై గజాల్లో. ఊడితే ఊడింది, ఒక బూటుతో పరిగెత్తితే ఏం పోయె, తన నాన్నమ్మ ముసలమ్మ బతుకంతా ఇసకలో ఒట్టి కాళ్ళతోనే నడిచింది. అప్పటికి తనే ముందుంది, పక్కన ఎవరి ఊపిరీ వినపడటం లేదు. కానీ ఆగింది. ఆగి వెనక్కి తిరిగి బూటు వైపు చూసింది. ఆ ఒక్క చూపులో అయిదుగురూ దాటిపోయారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ పిల్లలకి నేర్పే మొదటి పాఠం అదే, ఏది ఊడినా సరే వెనక్కి చూడకు, అని, ఎందుకు చెబుతోందో ఎవరికీ చెప్పలేదు. గుంపులోంచి నాన్న గ్రౌండులోకి వచ్చేశాడు, రాకూడదని అరుస్తున్నా వినిపించుకోకుండా, ఆ బూటు ఏరి చొక్కాకి తుడుస్తూ తన దగ్గరికి వచ్చాడు. అందరూ ఉన్నారు, హెడ్‌మిస్ట్రెస్‌ ఉంది, చర్చివాళ్ళున్నారు. అంది తను. "శవాలకి తీసినట్టు తీసేవా నాకు కొలత" అంది. అందరికీ వినపడేట్టు అంది. ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న బూటు చంకలో పెట్టుకుని మల్కాపురం వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదహారేళ్ళు బతికాడు. తన పరుగు చూడ్డానికి గానీ, తను డ్రిల్లు టీచరయ్యాక తన పిల్లల పరుగు చూడ్డానికి గానీ ఒక్కసారి కూడా గ్రౌండుకి రాలేదు. తనకి దేనికీ కొలత తియ్యలేదు. మంచం చేయించమంటే వర్క్‌షాపులో తోటి వడ్రంగి కామరాజుకి చెప్పాడు. అన్నం తిన్నావా అని మాత్రం రోజూ అడిగేవాడు.

మూడున్నర. నీడ మెట్టు అంచుకి జరిగింది, దాంతో పాటు తనూ జరిగింది. అమ్మ నాన్న కంటే ముందే పోయింది, పెళ్ళి మాట ఎవరు ఎత్తుతారు ఇంక, ఎత్తినవాళ్ళకి గ్రౌండులో ఎండకి మాడిన మనిషి నచ్చలేదు, నచ్చినవాడు ఉద్యోగం మానమన్నాడు. ఇల్లు అదే, మల్కాపురంలో, కిటికీ తెరిస్తే రిఫైనరీ మంట కనపడే రెండు గదులు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కత్తికీ అన్నం వండుకోవడం బద్ధకమై శనివారం చారే పోసుకుంటుంది. టైలరు ఆవిడ ఒళ్ళు ముట్టుకుని టేపు పెట్టి పదేళ్ళు దాటింది, ఆది జాకెట్టు ఇస్తే చాలు, దాన్ని చూసి కుట్టేస్తాడు, మీరు మారరండి టీచరుగారూ, అదే కొలత, అంటాడు మెచ్చుకోలుగా. అతనికేం తెలుసు. ఎడమ భుజం కొంచెం కిందికి జారిందని తనకి మాత్రం తెలుసు. అది చూడ్డానికి ఎవరైనా కళ్ళు పెట్టి చూడాలి కదా, చెయ్యి పెట్టి కొలవాలి కదా. నూకాలు హైదరాబాదు వెళ్ళిపోతే ఉత్తరం రాస్తుందా. రాయదు, పరుగెత్తే పిల్లలు ఉత్తరాలు రాయరు, రాయకపోయినా పరవాలేదు, వెళ్తే చాలు. వెళ్ళకపోతే మాత్రం తెల్లారి హార్బరు గేటు దగ్గర గంపతో ఎదురుపడితే తను ఏ మొహం పెట్టుకుని చూస్తుంది. బూటు ఊడి ఓడిపోయిందనే మాట ఇంకో ఆడపిల్ల గురించి వినాలా ఈ జన్మలో.

అయిదా, ఏడా. తాడు ఏడంటోంది, చెప్పులో అచ్చు అయిదంటోంది. అచ్చుదే నిజం. కానీ ఆ తవిటమ్మ మాటేమిటి, ఒక ఏలు ఇడిసీనాను ఆ సైజుకి. నోట్లోనే అనుకుని చూసింది, నెమ్మదిగా, తవిటమ్మలా. ఆ సైజుకి. ఏ సైజు. తవిటమ్మకి బూటు నంబర్లు ఏం తెలుసు, ఎదుగుతుందని వదిలితే ఎదిగే పిల్లండి అంటుంది గానీ సైజంటుందా. తాడుని వేలికి చుట్టుకుని విప్పి, చుట్టుకుని విప్పి, ఏలు ఇడిసీనాను, ఏలు ఇడవడం, ఏలు ఇడవాల. ఈ మాట ఇంతకుముందు విన్నాను. ఎక్కడో గుంపులో, టీ గ్లాసుల మధ్య, రంపప్పొట్టు వాసనలో విన్నాను.

కామరాజు. అరవై ఎనిమిదిలో, నాన్న పోయిన రోజు. వరండాలో చాప మీద పడుకోబెట్టారు. వర్క్‌షాపులో నాన్న పక్క బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసిన కామరాజు, చర్చివాడు కాకపోయినా నాన్న పెట్టె నానే చేస్తానని వచ్చాడు, తాడు తీసి తల దగ్గర ఒక ముడి వేశాడు. పాదాల దాకా వచ్చి, రెండో ముడి వెయ్యలేక, తాడు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తను ఎవరెవరికో టీలు అందిస్తూ అటుగా వెళ్తోంది. అప్పుడన్నాడు, ఎవరితో కాదు, నాన్నతోనే అన్నట్టు. "బతికున్నోలికే ఏలు ఇడవాలిరా, ఆయుస్సుకి, సచ్చినోలికి ఇడవకూడదు అనీవోడివి కదా బావా. నీకు ఇడవకండా ముడెయ్యడానికి నాకు సెయ్యి రావట్లేదు." విన్నది. విని, టీ గ్లాసు ఇంకెవరికో ఇచ్చి వంటింట్లోకి పోయింది, ముసలాడు దుఃఖంలో ఏదో అంటున్నాడులే అనుకుని. ఆ మాట పధ్నాలుగేళ్ళు ఎక్కడ పడి ఉందో, ఇప్పుడు మద్దిలపాలెం జంక్షన్లో, మూసి ఉన్న షట్టరు ముందు, లేచి వచ్చింది.

ఆ సైజుకి కాదు. ఆయుస్సుకి. ఒక ఏలు ఇడిసీనాను, ఆయుస్సుకి.

బతికున్న మనిషికి సరిగ్గా కొలత తియ్యకూడదు, సరిగ్గా తీస్తే అది పెట్టె కొలత అవుతుంది, అందుకని ఒక వేలు వదలాలి. నాన్నమ్మ ముసలమ్మది పెద జాలరిపేట, పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకుంది, బొట్టు తీసేసింది, అమ్మవారికి మొక్కడం మానేసింది, ఇదొక్కటి మాత్రం వదల్లేక కొడుక్కిచ్చి పోయిందన్నమాట. ఆ కొడుకు చర్చి పెద్ద. ఇలాంటివి నమ్ముతాడని తెలిస్తే పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో ఎత్తిపొడుస్తారు. అందుకే పైకి చెప్పేవాడు కాదు, ఉండనీయ్, పొడుగ్గా ఉండనీయ్, అనేవాడు. పొడుగ్గా ఉండమన్నది బూటుని కాదు. వారానికో పదిరోజులకో ఎవరిదో ఒకరి పెట్టెకి ముడి వేసే చేతులు, కూతురి పాదం కొలవాల్సి వస్తే భయపడ్డాయి, భయపడి ఒక వేలు అడ్డం పెట్టుకున్నాయి. తను ఏమంది, శవాలకి తీసినట్టు తీసేవా అంది. ఇన్ని మాటలుండగా ఆ మాటే అంది. ఒక్కసారి నోరు విప్పి, కాదమ్మీ, శవం కొలత కాకూడదనే అలా తీశాను, అని ఉంటే ఏం పోయేది ఆయనకి. అంటే పిల్ల భయపడుతుందనుకున్నాడేమో, అంటే వదిలిన వేలు ఫలించదనుకున్నాడేమో. తిట్టు మింగేసి బూటు చంకలో పెట్టుకుని పోయాడు. పదహారేళ్ళు, అన్నం తిన్నావా, తిన్నాను, అంతకు మించి మాట లేకుండా ఒకే ఇంట్లో. విజయరత్నానికి ఏడుపొచ్చింది. స్కూల్లో పిల్లలెవరూ చూడని ఏడుపు, ముక్కు ఎగబీలుస్తూ, చేతిసంచిలో రుమాలు వెతుక్కుంటూ, దొరక్క పైటచెంగుతోనే తుడుచుకుంటూ ఏడ్చింది. కిళ్ళీ వాడు లేచి చూశాడు, ఎండ దెబ్బనుకున్నాడు కాబోలు, అడక్కుండానే గోళీసోడా కొట్టి తెచ్చి మెట్టు మీద పెట్టాడు. తాగింది.

నాలుగుకి పది నిమిషాలు. ఇప్పుడు చెప్పు, అయిదా, ఏడా. ఇందాకటి దాకా తేలికే, తల్లి తెలివితక్కువతనం, టీచరు తెలివి, అయిదు తీసుకుని పోవడమే. ఇప్పుడలా లేదు. బూటు అయిదే సరి, మేకుల బూటు కాలికి తోలులా పట్టాలి, వెంట్రుక సందున్నా మలుపులో మడమ లేస్తుంది. ఆ సంగతి తెలుసు. కానీ ఆ తల్లి నిద్రపోతున్న పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని, దీపం వెలుగులో ఒక వేలు వదిలి ముడి వేసింది. బోటు మీద వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగిరారని తెలిసిన మనిషి. ఆ వేలుని తను కత్తిరించి, బతికున్న పిల్లకి ముడికి ముడి, వేలికి వేలు సరిపోయిన బూటు కొని తొడగాలి. చదువుకున్నావు, ప్రభువుని నమ్ముకున్నావు, నీకెందుకే ఈ పిచ్చి, అని తనని తను కసురుకుంది. కసురుకున్నా చేతివేళ్ళ కొసలు చల్లగానే ఉన్నాయి. నాన్నకీ ఇలాగే ఉండేదేమో, లోపల పాస్టరుగారు కసురుతున్నా వేలు దానంతట అది అడ్డం పడేదేమో.

గవర్రాజు సైకిలు దిగాడు. "అయ్యో, ఎప్పుడొచ్చారండి మేడమ్ గారూ, ఎండలో కూర్చున్నారా. భోంచేసి ఒక్క అరగంట అలా వాలానండి, ఆయ్" అంటూ షట్టరు ఎత్తాడు. లోపల తోలు వాసన, కొత్త రబ్బరు వాసన, దుమ్ము. రెండు అట్టపెట్టెలు దించి ముక్కాలి పీట ముందు పెట్టాడు, తాడు పుచ్చుకుని ఏడో నంబరు బూటు అడుక్కి ఆనించి చూశాడు, ముడికి ముడి కుదిరింది. "ఏడేనండి. అచ్చంగా ఏడు. ఎదిగే పిల్ల కూడానూ" అన్నాడు.

"అయిదు ఇవ్వండి" అంది విజయరత్నం.

"తాడు ఏడంటోంది కదండీ."

"ఆ తాడులో ఒక వేలు కాలిది కాదండి."

గవర్రాజు తాడు వైపూ ఆవిడ వైపూ చూసి, బేరం పోకుండా ఉంటే చాలుననుకుని అయిదు తీశాడు. ఆవిడ పీట మీద కూర్చుని చెప్పు విప్పింది. నూకాలు పాదం ఇక్కడ లేదు, ఉన్నదల్లా తన పాదమే, అదే అచ్చు. కుడికాలు దూర్చింది, ఎడమకాలు దూర్చింది, లేసులు బిగించింది. లేచి నిలబడితే మేకులు గచ్చు మీద కిర్రుమన్నాయి. నలభై అయిదేళ్ళ మనిషి, చీర కట్టుకుని, పరుగు బూట్లు తొడుక్కుని, గచ్చు పాడైపోతుందని చెప్పలేక మొహమాటపడుతున్న కొట్టువాడి ముందు మునివేళ్ళ మీద లేచింది. మడమ కదల్లేదు. బొటనవేలు ముందు సందు లేదు, నొక్కుడూ లేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కాళ్ళకి సరిగ్గా సరిపోయిన బూట్లు. ఈ బూటు ఊడదు. ఎల్లుండి నూకాలు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

మళ్ళీ పీట మీద కూర్చుంది. విప్పబోయి ఆగింది. "ఈ లేసులు తీసేసి వేరేవి ఇవ్వండి. ఇంతకంటే పొడుగువి" అంది.

"వీటికి ఇవే కొలతండి. పొడుగంటే ఫుట్‌బాల్ బూట్లవి ఉన్నాయి గానీ, రెండు చుట్లు తిప్పి కట్టినా కొసలు వేలెడు మిగిలిపోతాయండి మేడమ్ గారూ."

"మిగలనీండి. కాలికి అడ్డం పడకుండా లోపలికి దోపి నేనే కట్టి పంపిస్తాను." నీలం తాడుని మడత పెట్టి, పరుగుల పుస్తకంలో కాదు, జాకెట్టు లోపల దోపుకుంది. "ఉండనీండి, పొడుగ్గా ఉండనీండి."

ఆ మాట అన్నాక పీట మీంచి లేవలేకపోయింది. బూట్లు కాళ్ళకే ఉన్నాయి, బయట బస్సు ఏదో హారను కొడుతోంది, వాల్తేరు స్టేషనుకి నూకాలు వచ్చే వేళవుతోంది, లేవాలి, లేవడం లేదు. గవర్రాజు కొత్త లేసులు చేత్తో పట్టుకుని వచ్చి, ఆవిడ మొహం చూసి, బూటు కరుస్తోంది కాబోలు అనుకుని పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"బిగుతుగా ఉందాండి?"

తల అడ్డంగా ఊపింది. చెయ్యి చాపి కొత్త లేసులు అందుకుంది.

"లేదు. సరిపోయింది."